మళ్ళీ విప్పేవాళ్ళ కోసం

1953లో ఇంగ్లండులో బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అనే పెద్ద కార్ల కంపెనీ, కార్లకు బాడీలు చేసే ఫిషర్ అండ్ లడ్లో అనే కంపెనీని కొనేసింది. ఎప్పటిదో ఆ బేరానికీ, ఇవాళ ఫిల్మ్‌నగర్‌లో మా ఇంటి పోర్టికోలో స్టాండ్ల మీద నిలబడి ఉన్న రెండు తలుపుల కారుకీ నేరుగా సంబంధం ఉంది. ఆ బేరం కుదరకపోయి ఉంటే ఈ కారుని ఇంటి దగ్గర బాగుచేసుకోవడం నాలాంటివాడి వల్ల అయ్యేది కాదు.

కోవెంట్రీలోని స్టాండర్డ్ కంపెనీకి అంతవరకూ బాడీలు చేసిపెడుతున్నది ఫిషర్ అండ్ లడ్లోనే. అది పోటీదారు చేతికి పోయాక ఇక బాడీలు రావని తేలిపోయింది. అప్పటికే కార్ల ప్రపంచం విడి ఛాసీని వదిలేసి, బాడీ మొత్తాన్ని ఒకే కట్టడంగా వెల్డింగ్ చేసే పద్ధతికి మళ్ళుతోంది. దానికి భారీ ప్రెస్సులు కావాలి. స్టాండర్డ్ వాళ్ళ దగ్గర అవి లేవు, చేసిపెట్టేవాళ్ళూ లేరు. గత్యంతరం లేక పాత పద్ధతికే వెళ్ళారు. కింద విడిగా ఛాసీ, దాని మీద వేర్వేరు చోట్ల చేయించిన బాడీ ముక్కలు, వాటన్నిటినీ కలిపేందుకు బోల్టులు. ఇటలీలోని ట్యూరిన్ నగరానికి చెందిన జొవాన్ని మికెలోట్టి ఆ కారుకి రూపం గీశాడు. 1959లో అది ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో బయటికొచ్చింది. 1961 నుంచి మద్రాసులో తయారై మనకి స్టాండర్డ్ హెరాల్డ్ అయింది. అదే ఛాసీని పొట్టి చేసి 1962లో ట్రయంఫ్ వాళ్ళు స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చేశారు. ఆ కారు 1980 దాకా, మూడు లక్షలకి పైగా తయారైంది. అంటే మా పోర్టికోలో ఉన్నది స్పిట్‌ఫైర్‌కి తోబుట్టువు.

మన దేశంలో అప్పుడు దిగుమతుల మీద గట్టి ఆంక్షలు. అసలు సిసలు స్పోర్ట్స్ కారు ఏ జమీందారు గ్యారేజీలోనో ఒకటీ అరా తప్ప కనిపించేది కాదు. అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్, ఈ మూడిట్లో ఏదో ఒకటి, అదీ పేరు రాయించుకుని ఎదురుచూస్తే. ఆ మూడింటిలోనూ కుర్రకారు మనసు లాగేది హెరాల్డే. మద్రాసు శివార్లలో షోలవరం దగ్గర, రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద జరిగిన రేసుల్లో హెరాల్డ్‌లు పరుగులు తీశాయి. మా మేనమామ చెప్పే కథల్లో సగం షోలవరంవే. ఆయన సినిమాలకి ప్రొడక్షన్ మేనేజరు. కాపురం పాండీబజార్ వెనక. పొద్దున లేస్తే కోడంబాకం, వడపళని, సాలిగ్రామం స్టూడియోల చుట్టూ ఈ కారులోనే తిరిగేవాడు. మేకప్ సామాను పెట్టెలు, రేపటి షూటింగుకి డబ్బు సంచీ, ఒక్కోసారి ల్యాబ్ నుంచి వచ్చిన ఫిల్మ్ డబ్బాలు, అన్నీ దీని డిక్కీలోనే వెళ్ళేవి.

ఆ తర్వాత తెలుగు సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాద్‌కి కదిలింది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారి అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైంది, కృష్ణ గారి పద్మాలయా వచ్చింది, 1989కల్లా రామానాయుడు స్టూడియో ఫిల్మ్‌నగర్ కొండమీద లేచింది. మామయ్య అందరికంటే కాస్త ఆలస్యంగా వచ్చాడు, కారుతో సహా. మద్రాసు నంబరు ప్లేటుతో జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలు ఎక్కుతూ దిగుతూ అది ఇంకొన్నేళ్ళు తిరిగింది. తర్వాత మామయ్యకి మోకాళ్ళు పట్టేశాయి. కారు పోర్టికోలో ఆగిపోయింది. ఆయన పోయాక అత్తయ్య తాళంచెవి నా చేతిలో పెట్టి, "నువ్వు చూసుకుంటావంటేనే ఇస్తాను, తుక్కు కింద అమ్మేట్టయితే వద్దు" అంది.

నేను సినిమా ఎడిటర్ని. స్పానర్ పట్టడం తెలియదు. యూసుఫ్‌గూడలో షెడ్డు ఉన్న ఒక పెద్దాయన, ఫియట్లూ అంబాసిడర్లూ చేసి చేయి తిరిగినవాడు, ఆదివారాలు మాత్రం వస్తానన్నాడు. చుట్టుపక్కల అందరూ ఆయన్ని ఉస్తాద్ అనే పిలుస్తారు. నేనూ అంతే. వచ్చిన మొదటి రోజు ఆయన ఇంజను జోలికి వెళ్ళలేదు. కారు చుట్టూ తిరిగి, కింద పడుకుని, టార్చి వేసి చాలాసేపు చూశాడు. లేచి చేతులు దులుపుకుని, "బండి మంచిదే సార్. దీన్ని బాగుచేసినోళ్ళే ఆగం చేసిన్రు" అన్నాడు.

ఆ మాట అర్థం కావడానికి నాకు కొంత కాలం పట్టింది.

హెరాల్డ్ బానెట్ గురించి ముందు చెప్పాలి. మామూలు కార్లలో బానెట్ అంటే ఇంజను మీది మూత. దీంట్లో ముందు మడ్‌గార్డులు, లైట్లు, మూతి, అన్నీ కలిసి బానెట్టే. రెండు పక్కలా కొక్కేలు తీసి పైకెత్తితే కారు ముందు భాగమంతా ముందుకి వాలిపోతుంది. ఇంజను, రేడియేటర్, స్టీరింగ్, ముందు సస్పెన్షన్ అంతా ఆరుబయట ఉన్నట్టే. ముందు చక్రం మీద కూర్చుని కార్బ్యురేటర్ విప్పుకోవచ్చు. బోల్టులు తీస్తే పైకప్పు ఊడి వస్తుంది. వెనక బాడీ ఊడి వస్తుంది. తలుపుల కింద పొడుగ్గా ఉండే రేకు పట్టీ, దాన్ని సిల్ అంటారు, అదీ బోల్టులతోనే ఉంటుంది. స్పిట్‌ఫైర్‌లో ఆ సిల్ బాడీ బలంలో భాగం కనుక వెల్డింగ్ చేసేశారు. హెరాల్డ్‌లో బరువంతా ఛాసీ మోస్తుంది కాబట్టి సిల్‌కి ఆ పని లేదు. తుప్పు పడితే విప్పి అవతల పెట్టి, కొత్తది బిగించుకోమని కారు చేసినవాళ్ళే ఆ వీలు పెట్టారు.

మా కారు ఎడమ పక్క సిల్ విప్పబోతే కదల్లేదు. బోల్టు తలలు ఉండాల్సిన చోట చేత్తో తడిమితే నున్నగా ఉంది. ఉస్తాద్ ఉప్పుకాగితం పెట్టి రుద్దాడు. రంగు పోయింది, కింద లప్పం. లప్పం గీకితే ఇంకో రంగు, దాని కింద మళ్ళీ లప్పం. చివరికి రేకు తేలింది. ఎవరో, ఎప్పుడో, తుప్పు పట్టిన సిల్‌ని తీయకుండా దానిమీదే కొత్త రేకు కప్పి, పైనా కిందా ఈ చివర నుంచి ఆ చివరికి వెల్డింగ్ చేసేశారు. బోల్టులు లోపల సమాధి అయిపోయాయి. రెండు రేకుల మధ్య సందులో వాననీళ్ళు చేరి, పోవడానికి దారి లేక, ఛాసీ నుంచి పక్కకి వచ్చే చేతుల దాకా తినేశాయి. మద్రాసు ఉప్పుగాలి కొంత చేసి ఉంటుంది. కానీ ఎక్కువ పాపం ఆ వెల్డింగ్‌దే. పైకి చూస్తే చక్కటి పని. సానపెట్టి, గీత కనపడకుండా రంగు కొట్టారు. ఆ రోజుకి బిల్లు కట్టిన మామయ్య సంతోషించే ఉంటాడు.

గ్రైండర్‌తో ఆ వెల్డింగ్ కోయడానికి వారాలు పట్టింది. కోస్తుంటే పక్కన ఉన్న మంచి రేకు కూడా పోతుంది, వేరే దారి లేదు. ఉస్తాద్ విసుక్కోకుండా, అంగుళం అంగుళం కోస్తూ, మధ్యలో ఆగి నాతో అన్నాడు: "చేసేటోడు తన పని సూసుకున్నడు సార్. రేపు దీన్ని ఇప్పేటోడు ఒకడుంటడు గద, వాని గురించి ఆలోచన జెయ్యలే."

నేను నేర్చుకున్నది ఆ మాటే. వినడానికి కారు గురించిన మాటలా ఉంది కానీ నా పనిలో నేను దాన్ని వేరే పేరుతో ఎప్పుడో చూశాను. అప్పుడు చూశానని ఇప్పుడు తెలిసింది.

తొంభైల మొదట్లో నేను అసిస్టెంట్ ఎడిటర్‌గా చేరినప్పుడు ఇంకా ఫిల్మ్ మీదే ఎడిటింగ్. నెగటివ్‌ని ఎవరూ ముట్టుకోరు. అది ల్యాబ్‌లో భద్రం. దాని నుంచి తీసిన పాజిటివ్ ప్రింట్ మీద మా కోతలూ అతుకులూ. మా అతుకు టేపుతో. స్ప్లైసర్‌లో రెండు కొసలూ ఆనించి పారదర్శకమైన టేపు వేసి నొక్కడమే. డైరెక్టరు గారికి మర్నాడు మనసు మారితే టేపు పీకి, తీసేసిన ముక్కని మళ్ళీ పెట్టేవాళ్ళం. ఒక్క ఫ్రేము నష్టపోయేది కాదు. అన్నీ ఖరారయ్యాక, చిట్టచివర నెగటివ్ కటింగ్. అక్కడ అతుకు సిమెంటుతో. ఒక కొసమీది పూత గీకి, దానిమీద రెండో కొసని అతికించాలి. ఆ అతుకు కోసం ప్రతి కోత దగ్గరా పక్క ఫ్రేము బలి. మళ్ళీ విప్పి ఇంకోలా అతకాలంటే ఇంకో ఫ్రేము. సెకనుకి 24 ఫ్రేములు. ఒకటీ రెండూ పోతే ఏముందిలే అనిపిస్తుంది, పాటలో పెదవి కదలిక తప్పితే గానీ తెలిసిరాదు. అందుకే మా గురువుగారు నెగటివ్ కటింగ్‌కి పంపే ముందు రోజు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు.

విప్పగలిగే అతుకు, విప్పలేని అతుకు. రెండిటికీ చోటుంది. విప్పలేని అతుకు వేసే ముందు ఆ మనిషి మాటాడకుండా కూర్చున్న రోజు విలువ నాకు ఈ సిల్ దగ్గర తెలిసింది. వెల్డింగ్ చేసిన ఆ అజ్ఞాత మేస్త్రీ అలా ఒక్క పూట కూర్చుని ఉంటే, నాలుగు బోల్టులు కోసి కొత్తవి పెట్టి ఉండేవాడు.

అప్పటి నుంచి మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ మరమ్మతు చేసినా, దాన్ని మళ్ళీ విప్పడం ఎలాగో ముందు చెప్పుకోవాలి. ఛాసీ చేతులు మాత్రం వెల్డింగ్ తప్పదు, అవి మొదటి నుంచీ వెల్డింగే. కుళ్ళిన భాగం కోసి, అంతే మందం రేకుతో చేసి అతికించాం. సిల్‌లు కొత్తగా వంచి, బోల్టు రంధ్రాలు పాత చోటే వేసి, బోల్టులకి గ్రీజు రాసి బిగించాం. కారుకి వాడినవి అంగుళాల కొలతల బోల్టులు. అరంగుళం నట్టుకి 13 మిల్లీమీటర్ల స్పానర్ పట్టినట్టే అనిపిస్తుంది. తేడా మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేదు. కానీ బలంగా తిప్పితే ఆ కాస్త తేడాకే నట్టు మూలలు అరిగి గుండ్రంగా అయిపోతాయి, ఆ తర్వాత గ్యాస్‌తో కాల్చి విప్పాల్సిందే. రాణీగంజ్‌లో అంగుళాల స్పానర్ల సెట్టు కొనుక్కొచ్చాను. ఆదివారం ఎర్రగడ్డ సంతలో పాత ఇంగ్లీషు స్పానర్లు దొరికాయి, వాటి పట్టే వేరు.

ముందు చక్రాల దగ్గర ఇంకో పాఠం ఎదురైంది. హెరాల్డ్‌కి ముందు సస్పెన్షన్‌లో, చక్రం ఎడమకీ కుడికీ తిరిగే చోట, కింద ఒక కంచు దిమ్మ ఉంటుంది. ట్రనియన్ అంటారు. నిలువు ఉక్కు కడ్డీకి కింద మర ఉంటుంది, అది స్క్రూలా ఈ దిమ్మలోకి దిగుతుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ కడ్డీ దిమ్మలో కొద్దిగా ఎక్కుతూ దిగుతూ తిరుగుతుంది. కుడివైపుది కుడి మర, ఎడమవైపుది ఎడమ మర. దానికి గ్రీజు కొట్టకూడదు. 90 నంబరు గేర్ ఆయిల్ ఎక్కించాలి, అదీ తరచుగా. ఆయిల్ మరల సందుల్లోకి పాకుతుంది. గ్రీజు పాకదు, కొన్నాళ్ళకి ఎండి గట్టిపడుతుంది, దారి మూసేస్తుంది. పైనుంచి చేరిన నీళ్ళు లోపల నిలవడంతో ఉక్కు మరని తుప్పు కొరికేస్తుంది. ఒక రోజు, ఎక్కడో మలుపులో, కడ్డీ తెగి చక్రం పక్కకి మడత పడిపోతుంది. స్పిట్‌ఫైర్‌కీ ఇదే అమరిక, ఇదే ప్రమాదం. ఆ కార్లున్నవాళ్ళు ప్రపంచంలో ఎక్కడున్నా ముందు చెప్పుకునేది ట్రనియన్ గురించే.

మా కారు ట్రనియన్లు విప్పినప్పుడు లోపల పసుపు రంగు గ్రీజు, సబ్బులా గట్టిపడి ఉంది. ఉస్తాద్ స్క్రూడ్రైవర్ కొసతో గీకి తీస్తే ముక్కలుగా రాలింది. ఎడమవైపు కడ్డీని కిరసనాయిల్లో కడిగి ఎండలో పట్టుకుని చూశాం. మర మొదటి చుట్టు దగ్గర వెంట్రుకంత సన్నటి గీత, దాని చుట్టూ ఎర్రటి మరక. పగులు. వేలి గోటితో గీస్తే తగిలింది. ఉస్తాద్ కడ్డీని చేతిలో అటూ ఇటూ తిప్పి, ఏమీ అనకుండా గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. రెండు కడ్డీలూ, రెండు దిమ్మలూ ఇంగ్లండు నుంచి తెప్పించాం. స్పిట్‌ఫైర్ పుణ్యమా అని అవి ఇంకా కొత్తగా తయారవుతున్నాయి. అక్కడి దుకాణాలు పంపుతాయి.

ఈ ట్రనియన్ వెల్డింగ్ చేసి పాడుచేసింది కాదు. విప్పడానికి సులువైన భాగమే. కానీ దీనికి గ్రీజు కాదు, ఆయిల్ అని తెలిసిన మనిషి ఒకప్పుడు ఉన్నాడు, తర్వాత లేడు. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ వర్క్‌షాపులో శిక్షణ పొందిన మెకానిక్‌కి తెలిసిన విషయం, కారు ఊరు మారినప్పుడు దానితోపాటు రాలేదు. కంపెనీ ఎనభైల చివర్లో మూతపడింది. చేసేవాళ్ళు పోయారు, చెప్పేవాళ్ళు పోయారు. విప్పే వీలు ఉండటం ఒక్కటే చాలదు. లోపల ఏముందో, ఎందుకలా ఉందో ఎవరో చెప్పి పోవాలి.

ఎడిటింగ్ రూములో అసిస్టెంటుకి మొదట నేర్పేదీ అదే. డబ్బా మీద సినిమా పేరు, రీలు నంబరు. ఫిల్మ్ అంచున ఉండే నంబర్లు రిజిస్టరులో. తీసేసిన ముక్క ఎంత చిన్నదైనా దానికో చీటీ. నువ్వు రేపు రాకపోవచ్చు, నీ స్థానంలో వచ్చినవాడికి నువ్వు ఎదురుగా ఉన్నట్టే ఉండాలి అనేవారు గురువుగారు. నేను ఆ అలవాటుని ఈ కారు దగ్గరకి తెచ్చాను. ఒక నోటు పుస్తకం పెట్టి ప్రతి భాగం విప్పిన క్రమం, వాషర్లు ఎటు పెట్టాలి, ఎంత సైజు స్పానరు, ఏ నూనె, అన్నీ తెలుగులో, పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. ఉస్తాద్ మొదట్లో "ఎందుకు సార్, నాకు యాదుంటది" అనేవాడు. ఇప్పుడు తనే "రాస్కోన్రి, మరవకున్రి" అంటాడు. పక్కన బొమ్మలు మా అమ్మాయి గీస్తోంది.

ఫిల్మ్‌నగర్‌లో ఉండటం వల్ల కలిసొచ్చిన ఒక సంగతి చెప్పాలి. టెయిల్ లైట్ల కింద ఉండే రబ్బరు ఎక్కడా దొరకలేదు. ఒకటి మాత్రం చీలిపోయి మిగిలింది. కృష్ణానగర్‌లో ఉండే ఒక మోల్డింగ్ ఆర్టిస్టు, సెట్లకి స్తంభాలూ విగ్రహాలూ పోతపోసే మనిషి, ఆ చీలినదాన్ని మైనంతో పూడ్చి, దానిమీద సిలికాన్ అచ్చు తీసి, నల్ల రబ్బరు పోసి ఇచ్చాడు. అచ్చు కూడా ఇచ్చేశాడు, "ఇంకెవరికైనా కావాలంటే పనికొస్తది" అని. సెట్ల వాళ్ళ పని మీద నాకు గౌరవం ముందు నుంచీ ఉంది. సెట్టు ఎప్పుడు లేస్తుందో తెలిసినట్టే, ఎప్పుడు పడగొడతారో కూడా వాళ్ళకి మొదటి రోజే తెలుసు. ప్లైవుడ్డు మళ్ళీ వాడాలి, చట్రాలు మళ్ళీ వాడాలి. ఊడదీయడాన్ని మనసులో పెట్టుకునే కట్టడం వాళ్ళకి వృత్తిధర్మం. ఊళ్ళో ఇంతమంది అలాంటి చేతులున్నవాళ్ళ మధ్య ఉండి ఇన్నేళ్ళూ నేను తెరమీద కనిపించేదే చూశాను.

పాత వస్తువుని బాగుచేయడమంటే దాన్ని కొత్తదానిలా మార్చడం అనే మాట నలుగురూ అంటారు. స్నేహితులు వచ్చి చూసి, కొత్త ఇంజను దింపు, ఏసీ పెట్టించు, డిస్క్ బ్రేకులు వేయించు అంటారు. నా లెక్క ఒకటే: తిరిగి తీసేయగలిగేదైతే ఆలోచిద్దాం, ఛాసీని కోయాల్సి వస్తే వద్దు. సీటు బెల్టులు పెడుతున్నాను, ప్రాణం ముందు. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టాం, బ్రాకెట్టు విడిగా చేయించాం, పాత డైనమో గుడ్డలో చుట్టి అటకమీద ఉంది. కావాలంటే ఒక పూటలో వెనక్కి పెట్టేయొచ్చు.

మాయాబజార్‌కి రంగులద్దినప్పటి వాదనలు గుర్తొస్తాయి. 1957 నాటి సినిమా. హైదరాబాద్ కంపెనీ గోల్డ్‌స్టోన్ రంగులద్దించి 2010 జనవరిలో విడుదల చేసింది. మా ఎడిటర్ల మధ్య రెండు వర్గాలయ్యాం. నాకు ఆ సినిమా నలుపు తెలుపుల్లోనే ఇష్టం, ఆ కెమెరా పనితనం అంతా వెలుగునీడలతోనే కదా. అయినా ఆ రంగుల ప్రతిని నేను తప్పుపట్టలేదు. అసలు సినిమా అలాగే ఉంది, చూడదలిచినవాళ్ళు చూడొచ్చు. నెగటివ్ మీదే రంగు పూసి ఉంటే అప్పుడు మాట్లాడాలి.

ప్రభుత్వం కూడా దాదాపు ఇదే దారిలో ఆలోచించింది. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసీలో గానీ బాడీలో గానీ ఇంజనులో గానీ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. నంబరు ప్లేటు మీద రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అనే అక్షరాలు వస్తాయి. పదేళ్ళకి చెల్లుతుంది. రోజువారీ తిరుగుళ్ళకి కాదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ, పెట్రోలు పోయించుకోవడానికీ రిపేరుకీ మాత్రమే రోడ్డెక్కాలి. ఆ షరతు నాకు బాధ కలిగించలేదు. కొత్త ఇంజను దింపి ఉంటే ఈ వీలే ఉండేది కాదని ఆ సలహా ఇచ్చిన మిత్రులకి చూపించాను.

ఇంజను విషయానికొస్తే, 948 సీసీ, నాలుగు సిలిండర్లు. బోరు కొట్టించి కొత్త పిస్టన్లు వేయించాం. పెట్రోలు మారింది కాబట్టి రెండు పనులు తప్పలేదు. పూర్వం పెట్రోల్లో సీసం కలిపేవారు, అది ఎగ్జాస్ట్ వాల్వులు కూర్చునే చోట అరుగుదలని ఆపేది. 2000 సంవత్సరంలో దేశమంతటా సీసం తీసేశారు, ఊళ్ళ గాలికి మంచిదే జరిగింది. పాత ఇంజన్లకి మాత్రం ఆ చోట గట్టి ఉక్కు రింగులు దించాలి. రెండోది ఇథనాల్. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20 పెట్రోల్లో ఐదో వంతు ఇథనాల్. అరవైల నాటి రబ్బరుకి అది పడదు. పెట్రోలు గొట్టాలు ఉబ్బి మెత్తబడతాయి, పంపులో డయాఫ్రం బిగుసుకుపోతుంది, నెలల తరబడి నిలబెడితే ట్యాంకులో నీరు చేరి తుప్పు మొదలవుతుంది. గొట్టాలన్నీ ఇథనాల్‌కి తట్టుకునే రకం వేశాం, పంపుకి కొత్త డయాఫ్రం. పాత బండి ఉన్నవాళ్ళెవరైనా ముందు ఈ గొట్టాలు చూసుకోండి. వేడి ఇంజను మీద పెట్రోలు కారడం చాలా ప్రమాదం.

వెనక చక్రాల సంగతి వేరే. ఈ కారు వెనక యాక్సిల్ రెండు ముక్కలు, ఒక్కో చక్రం విడిగా ఊగుతుంది, రెండిటికీ కలిపి అడ్డంగా ఒకే పట్టీ స్ప్రింగు. మలుపులో వేగంగా వెళ్తూ హఠాత్తుగా యాక్సిలరేటర్ వదిలితే వెనక చక్రం లోపలికి మడుచుకుని కారు తిరగబడే ప్రమాదముంది. షోలవరం కథల్లో మామయ్య గొంతు తగ్గించి చెప్పినవన్నీ ఆ స్వభావం గురించేనని ఇప్పుడు తెలుస్తోంది. ముందు చక్రాల స్వభావం మాత్రం వరం. పూర్తిగా తిప్పితే పాతిక అడుగుల వృత్తంలో కారు తిరిగేస్తుంది. మా వీధి చివర దారి మూసుకుపోతుంది, అవతల బండరాయి. ఇప్పటి కార్లు ముందుకీ వెనక్కీ కుస్తీపడి తిరుగుతాయి. ఇంకా రంగు వేయని ఒంటితో, ఒక ఆదివారం తెల్లవారుజామున, ఉస్తాద్ పక్కన కూర్చుని ఉండగా, మొదటిసారి వీధి చివరిదాకా పోనిచ్చి స్టీరింగ్ తిప్పాను. ఒకే ఊపులో తిరిగొచ్చింది. అత్తయ్య గేటు దగ్గర నిలబడి, "మీ మామయ్య మద్రాసులో ఇలాగే తిప్పేవాడు, నేను కళ్ళు మూసుకునేదాన్ని" అంది.

ఇక మిగిలింది వైరింగు. గుడ్డ చుట్టిన పాత వైర్లు, ముట్టుకుంటే పొడిలా రాలుతున్నాయి. ఎలక్ట్రీషియన్ ఒకాయన వచ్చి, అన్నీ పీకేసి ఒకే రంగు వైరు లాగేస్తానన్నాడు, చవక కూడా. ఉస్తాద్ ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. కంపెనీ బొమ్మలో ఏ దీపానికి ఏ రంగు వైరు ఉందో అదే రంగు వేయాలి. హెడ్‌లైట్ మెయిన్‌కి నీలం మీద తెలుపు గీత, డిమ్‌కి నీలం మీద ఎరుపు గీత, ఎర్త్‌కి నలుపు. ఆ రంగుల వైర్లు అన్నీ ఒక్క దుకాణంలో దొరకవు. కోఠీలో కొన్ని దొరికాయి, మిగతావి తెప్పించాలి. ఈ లోపు నోటు పుస్తకంలో వైరింగు పేజీలు మా అమ్మాయి రంగు పెన్సిళ్ళతో గీసి సిద్ధంగా పెట్టింది. ఉస్తాద్ వాటిని జిరాక్స్ తీయించమన్నాడు, ఒక ప్రతి తన షెడ్డులో కుర్రవాళ్ళకి ఇవ్వడానికి.